నల్లదారంతో ఒక భుజం

ఆ గదికి ట్రాక్ వైపు కిటికీ లేదు. ఉన్న ఒక్క కిటికీ వెనక్కి, వ్యాన్లు ఆపుకునే ఖాళీ స్థలం మీదికి తెరుచుకుంటుంది. అందుకే ఇరవై ఒక్క ఏళ్ళుగా మోటార్ సైకిళ్ళు తిరిగే చోట పనిచేస్తున్నా, ఒక మనిషి బండి మీంచి పడడం ఆమె ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. చప్పుడు మాత్రం వింటుంది. ఒకే తీగ మీద సాగుతున్నట్టుండే మోత ఉన్నట్టుండి సన్నబడుతుంది. ఆ తర్వాత ఒక్కో ఇంజనూ గొంతు తగ్గిస్తుంది. మలుపు దగ్గర ఎవరో పడ్డారని, పసుపు జెండా ఊపారని అర్థం. ఇంకో గంటకో, మర్నాటికో, గీసుకుపోయిన తోలు సూటు ఒకటి మరమ్మతుకు ఆమె బల్ల మీదికి వస్తుంది.

సూటు చూసి ఎలా పడ్డారో చెప్పగలదు. మోకాలు, తుంటి, మోచెయ్యి ఒకే వైపు పొడుగ్గా గీసుకుపోతే టైరు జారి పక్కకు ఒరిగిన మనిషి. అలాంటివాళ్ళు నేల మీద జారుతూ పోయి, ఆగాక లేచి దుమ్ము దులుపుకుంటారు. గీతలు పొట్టిగా, అక్కడొకటి ఇక్కడొకటి, లోతుగా ఉంటే బండి విదిలించి గాల్లోకి ఎగరేసిన మనిషి. ఆ సూటు సాధారణంగా వేసుకున్నవాళ్ళు తేరు, ఇంట్లోవాళ్ళు తెస్తారు.

తెచ్చినవాళ్ళను అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట. మెల్లగానే పడ్డానంటారు. ఈ ట్రాక్ మీద ఇంతవరకూ వేగంగా పడ్డవాడు పుట్టలేదని ఆమె నవ్వుతుంది.

నెలకు రెండు ఆదివారాలు ట్రాక్‌ను మామూలు జనానికి తెరుస్తారు. పోటీ ఉండదు, గెలుపు ఉండదు. పళ్ళ డాక్టరు, బ్యాంకు మేనేజరు, లెక్కల మాస్టారు, అందరూ సొంత బండ్లు వ్యాన్లలో వేసుకొస్తారు. నెమ్మది గుంపు, మధ్య గుంపు, వేగం గుంపు అని విడిపోయి ఇరవై నిమిషాల చొప్పున తిరుగుతారు. రోడ్డు మీద తీరని ముచ్చట ఇక్కడ తీర్చుకుని, సోమవారం పొద్దున ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చుంటారు.

లోపలికి పోయే దారిలో ఒక బల్ల ఉంటుంది. దాని వెనక ఆమె భర్త కూర్చుంటాడు. తనిఖీ ఆయన పని. లైటు అద్దాల మీద టేపు వేశారా, నూనె మూత తీగతో బిగించారా, బూటు మడమ ఊగుతోందా, అన్నీ చూస్తాడు. చూడడమంటే కళ్ళతో కాదు, చేతులతో. గ్లౌజు వేళ్ళు లాగుతాడు, జిప్పు లాగుతాడు, హెల్మెట్ పట్టీ లాగుతాడు. వెనక అందరూ ఆయన్ని పీకుడు మాస్టారంటారు. ఆయనకూ తెలుసు.

ఆయన దగ్గర రెండు నియమాలకు మినహాయింపు లేదు. పడినవాళ్ళు తామే వచ్చి చెప్పాలి, ఆయన పుస్తకంలో రాసుకుంటాడు, డాక్టరు చూసి సరేననే దాకా మళ్ళీ బండెక్కకూడదు. నేలకు తగిలిన హెల్మెట్ ఎంత కొత్తదైనా, పైకి ఎంత బాగున్నా, ఆయనే కత్తెర తీసుకుని దాని పట్టీ కోసేస్తాడు. తలకు తగలాల్సిన దెబ్బను లోపలి మెత్త తను నలిగి తీసుకుంటుంది. నలిగాక ఇక తీసుకోలేదు. ఇది ఆయన రోజుకు పదిసార్లు చెబుతాడు, పదిసార్లూ ఒకే గొంతుతో.

ఆమె తండ్రి బస్సు సీట్లకు రెగ్జిన్ కుట్టేవాడు. సూది పట్టడం అక్కడే నేర్చుకుంది. చిరిగిన చోట కుట్టు కనబడకుండా కుట్టడమే పనితనమని తండ్రి అనేవాడు. మొదటి ఏళ్ళలో తోలు సూట్లనూ ఆమె అలాగే కుట్టింది. నల్ల తోలుకు నల్లదారం, తెల్ల తోలుకు తెల్లదారం. కుట్టిన చోటు వెతుక్కోమని పందెం కాసేది కూడా.

అలా కుట్టిన ఒక సూటు చేతులు మారి, ఎవరో కొత్త మనిషి ఒంటి మీదికి చేరింది. అతను పడ్డాడు. భుజం దగ్గర సూటు విచ్చుకుపోయింది. తర్వాత ఆ సూటు తెచ్చి ఆమె బల్ల మీద పరిచారు. దారం ఒక్క పోగు కూడా తెగలేదు. దాని పక్కన, పాత దెబ్బకు పలచబడిన తోలు కాగితంలా చిరిగింది. అక్కడ ఒకసారి దెబ్బ తగిలిందన్న సంగతి అతనికి తెలియదు, బల్ల దగ్గర తనిఖీ చేసిన ఆమె భర్తకూ తెలియదు. ఎవరికీ తెలియకుండా ఉండేలా కుట్టింది ఆమే. అతని తొడ చర్మం తీసి భుజానికి వేశారు.

అప్పటినుంచి ఏ రంగు తోలు మీదైనా ఆమె మరమ్మతు ఎర్రదారంతోనే. కొంతమందికి నచ్చలేదు. అంత ఖరీదైన సూటు మీద ఎర్రగా మచ్చలేమిటన్నారు. నచ్చకపోతే ఇంకెక్కడైనా కుట్టించుకోమంది. మెల్లగా అలవాటైంది. ఎర్రదారం ఉన్నచోట పీకుడు మాస్టారు రెండు చేతులతో పట్టి లాగుతాడు, తోలు పలచబడిందేమో వెలుతురుకెత్తి చూస్తాడు. లేనిచోట అరచేయి ఒకసారి పోనిచ్చి వదిలేస్తాడు. పదిహేడేళ్ళుగా ఆ బల్ల దగ్గర వరస త్వరగా కదలడానికి కారణం ఈ దారమే.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె తమ్ముడు వచ్చాడు. తమ్ముడు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. అక్షరాల పలక చూపించి పై వరస చదవండి, కింది వరస చదవండి అంటుంటాడు. నాలుగేళ్ళుగా బండి నడుపుతున్నాడు. కిందటి నెలే వేగం గుంపులోకి ఎక్కాడు. ఆ రోజు దుకాణంలో ఉండాల్సిన వేళ, చేతిలో పెద్ద సంచితో గుమ్మంలో నిలబడ్డాడు.

సంచిలోంచి నల్ల సూటు తీసి పరిచాడు. ఎడమ భుజం కుట్టు విడిపోయింది. చుట్టూ తోలు బూడిదరంగుగా గీసుకుపోయింది.

"ఎలా పడ్డావురా?"

"మెల్లగానే అక్కా."

"వేగంగా పడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించరా బాబూ, చూసి తరిస్తాను."

తమ్ముడు నవ్వాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. నిన్న ఆఖరి గుంపులో ఆఖరి మలుపు. అప్పటికే జెండా మనిషి మెట్లు దిగి జెండా చుట్టుకుంటున్నాడు, అటు తిరిగి ఉన్నాడు. ముందు టైరు జారింది. తనే బండి లేపుకుని నేరుగా వ్యాను దగ్గరికి పోయాడు. ఎవరూ చూడలేదు.

బావకు చెప్పావా అని అడిగింది. చెప్పలేదన్నాడు. ఆ వెంటనే, ఎర్రదారం వద్దు, నల్లదారం వెయ్యమన్నాడు.

వాడి భయం పీకుడు మాస్టారి పుస్తకం కాదు. మరదలికి ఏడో నెల. పెళ్ళికి ముందే ఆ అమ్మాయి ఒక మాట తీసుకుంది, ఒక్కసారి పడినా బండి ఇంట్లో ఉండకూడదని. నాలుగేళ్ళలో ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు భుజం మీద ఎర్రగీత కనిపిస్తే అడుగుతుంది. ఆ దారం సంగతి ఆ అమ్మాయికీ తెలుసు, ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"రంగులో ఏముందక్కా, గట్టిగా కుట్టు చాలు. కావాలంటే రెండు వరసలు వెయ్యి."

తల తగిలిందా అని అడిగింది. దారం ఉండలు పెట్టిన అర వైపు చూస్తూ, తగల్లేదన్నాడు.

జిప్పులకూ లోపలి అస్తరుకూ వాడే నల్లదారం ఉండ ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ అరలో పెట్టింది, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. తమ్ముడు వెళ్ళిపోయాక మూడోసారి తీసింది. పాత కుట్టు విప్పి, పలచబడిన తోలు కింద కొత్త ముక్క వేసి, మైనం రాసిన దారంతో రెండు వరసలు కుట్టింది. బూడిదరంగు గీతల మీద నల్లరంగు పట్టించింది. ప్రతి కుట్టు చివరా మూడు పోట్లు వెనక్కి వేయడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. తండ్రి నేర్పింది. అలాగే వేసింది. ఆ పని బాగా కుదిరింది. కొన్ని పనులు చెయ్యకూడనివైనా చేతికి బాగా కుదురుతాయి.

సాయంత్రం ఇంట్లో భర్త అడిగాడు, తమ్ముడొచ్చాడటగా, ఏమిటి సంగతి అని. జిప్పు పోయిందని చెప్పింది. ఆయన ఊ అని పేపరు తిప్పాడు.

గురువారం ఉదయం, కుట్టిన సూటుకు నూనె పట్టిస్తోంది. మెడ కింద, వీపు మీద, ఆ సూట్లకు మూపురం లాంటి ఎత్తు ఒకటి ఉంటుంది. గాలి తల మీంచి సాఫీగా జారిపోవడానికి పెడతారు. దాని పైఅంచు మీద గుడ్డ పోనిస్తుంటే కిటికీ వెలుతురు పక్కవాటుగా పడింది. అక్కడ విదియనాటి చంద్రుడంత సన్నగా ఒక నొక్కు కనిపించింది. గీత కాదు, తోలు తెగలేదు. వంపుగా, వేలి పొడుగున, లోపలికి అణిగిన గుర్తు.

ఆమె గుడ్డ పక్కన పెట్టింది.

తల వెనక్కి విరుచుకుపోయినప్పుడు హెల్మెట్ కింది అంచు మూపురాన్ని పొడుస్తుంది. ఆ గుర్తు ఆమె ఇరవై ఒక్క ఏళ్ళలో నాలుగుసార్లు చూసింది. ఆ నలుగురినీ స్ట్రెచర్ మీదే తీసుకుపోయారు. వాళ్ళలో ఒకాయనకు రెండు రోజుల పాటు కూతురి పేరు గుర్తు రాలేదు.

తమ్ముడికి ఫోన్ చేసింది. దుకాణంలో ఉన్నాడు. వెనక ఎవరో అక్షరాలు చదువుతున్నారు. వ్యానులో సూటు మీద హెల్మెట్, దాని మీద పనిముట్ల పెట్టె పెట్టానని, అలా నొక్కుకుని ఉంటుందని చెప్పాడు. హెల్మెట్ తెచ్చి చూపించమంది.

"ఆదివారం చూద్దువులే. నువ్వు కుట్టేదానివి అక్కా, డాక్టరువి కాదు."

నమ్మదగ్గ కారణమే. పెట్టె కింద నొక్కుకోవచ్చు. ఆమె రోజంతా ఆ కారణాన్ని పక్కన పెట్టుకుని పనిచేసింది.

శనివారం వచ్చి సూటు తీసుకున్నాడు. భుజం వెలుతురుకు పెట్టి, అమ్మతోడు, నాకే కనిపించడం లేదు అన్నాడు. పదిహేడేళ్ళుగా ఎవరూ అనని మాట అది. ఆ ఒక్క క్షణం ఆమెకు సంతోషం కలిగింది. అది గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత తల వంచుకునేది.

ఆదివారం పొద్దున ఆమె గదికి తాళం వేసి, ముందు వైపుకు నడిచి, తనిఖీ బల్ల పక్కన నిలబడింది. ఆమెను అక్కడ చూసి భర్త కనుబొమలెత్తాడు. వరస పొడుగ్గా ఉంది. తమ్ముడు ఆరోవాడు. హెల్మెట్ వెనక, కింది భాగాన కొత్త అంకెల స్టిక్కరు ఉంది, మామూలుకన్నా పెద్దది.

తమ్ముడి వంతు వచ్చింది. భర్త హెల్మెట్ పట్టీ లాగాడు, బాగుంది. గ్లౌజులు, బూట్లు బాగున్నాయి. సూటు పరిచి అరచేయి పోనిచ్చాడు. ఎక్కడా ఎరుపు లేదు. చేయి కుడి భుజం దాటి, మెడ దాటి, ఎడమ భుజం మీదికి వెళ్ళి ఆగింది. బొటనవేలు కుట్టు చివరకు జరిగి, అక్కడ వెనక్కి వేసిన మూడు పోట్లను తడిమింది. ఆయన దిండు గలేబుల మీద, ఆయన ప్యాంటు అంచుల మీద, ఇరవై ఏళ్ళుగా ఉన్నవి ఆ మూడు పోట్లే.

వరసలోంచి పళ్ళ డాక్టరు అన్నాడు, "ఏం మాస్టారూ, బామ్మర్దిని పీకడానికి మొహమాటమా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, తమ్ముడి వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు.

"జిప్పన్నావు."

ఆమె తలూపింది. వరసలో నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు.

"భుజం కుట్టాను. పడ్డాడు," అంది. తర్వాత, "హెల్మెట్ తీసుకోండి. తల కొట్టుకుంది."

వ్యానులో నొక్కుకుందని చెప్పాను కదా అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి. ఆమె సూటును తిప్పి మూపురం ఎండకు పెట్టింది. హెల్మెట్ తీసుకుని దాని కింది అంచును ఆ నెలవంక మీద ఆనించింది. సరిగ్గా కూర్చుంది. పెట్టె బరువుకు నొక్కుకుంటే గుర్తు నిలకడగా పడుతుందని, ఇది ఒక కొన దగ్గర పక్కకు లాగినట్టుందని, తల కదులుతూ ఉండగా పడిందని భర్తకు వివరించింది. కుట్టుపని గురించి చెప్పినట్టే చెప్పింది.

భర్త గోటితో స్టిక్కరు అంచు లేపి ఊడదీశాడు. కింద అరచేతి నడిమంత మేర రంగు గీసుకుపోయి ఉంది. ఆయన కత్తెర తీసి పట్టీ కోశాడు. కాడ తుంచినంత చిన్న చప్పుడు. పుస్తకం తెరిచి రాశాడు. ఇంకో వరస కూడా రాసి, పుస్తకం భార్య వైపు తిప్పాడు. మరమ్మతు దాచినవారు అని ఉంది, ఎదురుగా ఆమె పేరు ఉంది. ఆమె సంతకం పెట్టింది.

"కుట్టింది నువ్వే, విప్పిందీ నువ్వే," అన్నాడు తమ్ముడు. "బాగుంది."

సూటు చంకన పెట్టుకుని వ్యాను వైపు వెళ్ళిపోయాడు. హెల్మెట్ బల్ల మీదే ఉంది. మధ్యాహ్నం భర్త దాని అస్తరు లాగి లోపలి మెత్త చూపించాడు. వెనక భాగాన అది అణిగి, వెంట్రుకంత పగులు ఒకటి చెవి దాకా పాకింది. షెడ్డు గోడకు మేకుల మీద అలాంటివి ఇంకా పదకొండు వేలాడుతుంటాయి. దాన్నీ వాటి పక్కన తగిలించాడు.

ఆ రాత్రి ఇంట్లో ఆయన ఒక్క మాటే అన్నాడు. ముందే చెప్పి ఉంటే లోపల గదిలో అయిపోయేదని, నలుగురిలో కావలసింది కాదని. అంతకుమించి పోట్లాట లేదు. కానీ తర్వాతి ఆదివారం నుంచి ఆమె కుట్టిన సూటు వస్తే ఎరుపు ఉన్నచోటే కాదు, ప్రతి కుట్టూ లాగి చూడసాగాడు. భార్య అని చూడలేదు, పగతోనూ కాదు. ఎర్రదారం లేనిచోట ఏమీ జరగలేదన్న నమ్మకం మీద ఆ బల్ల నడిచింది. ఆ నమ్మకంలో ఒక భుజమంత చోట నల్లదారం పడింది. వరస నెమ్మదించింది. ఎండలో నిలబడ్డవాళ్ళు ఎందుకీ ఆలస్యమని విసుక్కునేవాళ్ళు. ఆ విసుగు వెనక కిటికీలోంచి కూడా ఆమెకు వినిపించేది.

మరదలికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రికి వెళ్ళింది. తమ్ముడు టీ తేవడానికని బయటికి వెళ్ళి, ఆమె ఉన్నంతసేపూ రాలేదు. మరదలు మాత్రం పాపను ఆమె ఒళ్ళో పెట్టి, వదినా, మీ తమ్ముడి ముక్కేనా చూడండి అంది.

పాపకు అయిదో నెలలో, దుకాణాలకు సెలవున్న ఒక పొద్దున, తమ్ముడు అదే సంచితో వచ్చాడు. కూర్చోమనకముందే కూర్చున్నాడు. సూటు తీసి, భుజం పైకి వచ్చేలా పరిచాడు.

"ఎర్రదారం వెయ్యి."

మళ్ళీ ఎక్కుతున్నావా అని అడిగింది. నెమ్మది గుంపులో అన్నాడు. ఆ భుజం మీద దెబ్బ ఎర్రదారంతో కనిపిస్తేనే ఒప్పుకుంటానని మరదలు అందట. డాక్టరు చీటీ, కొత్త హెల్మెట్ బిల్లు ముందే బావ చేతిలో పెట్టి వచ్చాడట. బావ చీటీని కూడా లాగి చూశాడని చెప్పి కొంచెం నవ్వాడు.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని నల్లదారాన్ని ఒక్కో పోటే కోసి, పటకారుతో లాగడం మొదలుపెట్టింది. రెండు వరసలు. చాలాసేపు పట్టే పని. బయట ఒక వ్యాను వెనక్కి వస్తూ ఆగింది. తెగిన దారం ముక్కలు బల్ల మీద చిన్న కుప్పయ్యాయి.

"తగిలిందక్కా," అన్నాడు తమ్ముడు, ఆ కుప్పను చూస్తూ. "లేచాక షెడ్లు ఎటో తెలియలేదు. ముందు పోతున్న బండి వెనక పోయాను. వ్యాను ఏదో కూడా గుర్తుపట్టలేదు, నీ మరదలు దూరంగా చెట్టు కింద నిలబడి చెయ్యి ఊపింది. తను దగ్గరికి వచ్చేలోపు సూటు విప్పేశాను."

ఆమె పటకారు ఆపలేదు.

"ఇంటికి నేనే నడిపాను. తను పక్కన కూర్చుని దారంతా ఏదో చెబుతూనే ఉంది. పాపకి పేరనుకుంటా. ఒక్క ముక్క గుర్తులేదు."

అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. ఏడో నెల మనిషి పక్క సీట్లో ఉంది, ఎదురుగా సాయంత్రం రద్దీ ఉంది, స్టీరింగు పట్టుకున్నవాడికి తనెక్కడున్నాడో తెలియదు. సోమవారం మధ్యాహ్నం ఆమె దారం ఉండ అరలో పెట్టి, తీసి, పెట్టి, తీస్తున్నప్పటికే అదంతా జరిగిపోయి ఉంది. ఆమె ఆపగలిగిందేదీ అప్పటికి మిగల్లేదు. మిగతా పోట్లు కోసింది.

సూదిలోకి ఎర్రదారం ఎక్కించింది. నల్లదారం పోయిన రంధ్రాల్లోంచే కుట్టుకుంటూ పోయింది, కొత్తవి పొడిస్తే తోలు బలహీనమవుతుంది. చివర మూడు పోట్లు వెనక్కి వేసింది. దారం కొసను అగ్గిపుల్లతో కాల్చి బొటనవేలితో అదిమింది. నల్లటి తోలు మీద రెండు ఎర్రగీతలు దూరం నుంచి కూడా కనిపిస్తున్నాయి.

రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగింది. ఒకవైపు అంచు తను పట్టుకునే ఉండి, రెండోది తమ్ముడి వైపు తోసింది.

"లాగు," అంది.